తప్పకుండా మగపిల్లవాడే

కిమ్‌చొన్
అక్టోబరు 14

అగాత అక్కకు,

మఠంలో ఎండు ముల్లంగి ఆకులు అయిపోవచ్చాయని రాశావు. శనివారం రెండు కట్టలు పంపుతున్నాను. ఈసారి బాగా ఎండాయి. మదర్‌గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇక అసలు సంగతి. నేను దొరికిపోయాను.

బాలబడి వంటింట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను కదా, ఇన్నాళ్లలో నా పేరు ఎవరికీ అవసరపడలేదు. పిల్లలకు వంట అమ్మమ్మను. అపార్ట్‌మెంటులో హన్సొల్ వాళ్ళమ్మను. గుడిలో సిసిలియమ్మను. జ్ఞానస్నానం ఇచ్చి ఆ పేరు పెట్టినందుకు ప్రభువుకు రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. దాని చాటున ఎంత హాయిగా దాక్కున్నానో ఆయనకే తెలుసు. ఈ నెల కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్‌గారు అందరూ మెడలో పేరు బిళ్ళ వేసుకోవాలన్నారు. మిన్ ఫిల్‌నమ్ అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఇచ్చారు. నేను ఏప్రాన్ లోపల పెట్టుకున్నాను. సూప్ వడ్డించడానికి వంగితే అది బయటపడింది.

మధ్య తరగతిలో సొలా అని ఒక పిల్ల ఉంది. అక్షరాలు కొత్తగా వచ్చాయి. కనబడిన ప్రతిదీ చదువుతుంది, సబ్బు పెట్టె కూడా.

"అమ్మమ్మా, నీ పేరులో నమ్ ఉంది."

"ఉందమ్మా. సూప్ తాగు."

"అది మగపిల్లల బాత్రూం తలుపు మీద ఉంటుంది."

"అవునమ్మా."

"మరి నువ్వు మగపిల్లవాడివా?"

పక్కనున్న పంతులమ్మకు పాతికేళ్లు ఉంటాయి. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, "ఫిల్‌నమ్ అంటే ఏం అర్థమండీ?" అని చాలా మర్యాదగా అడిగింది. 'తప్పకుండా మగపిల్లవాడే' అని చెప్పాను. నాలుగో ఆడపిల్ల పుడితే, తర్వాతి కాన్పులో మగపిల్లవాడు రావాలని ఆ కోరికను తెచ్చి ఆ పిల్ల మీద రాసే రోజులవి అని కూడా చెప్పాను. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయి జాలి వచ్చింది. నవ్వే నయం, అక్కా.

ఆ తరగతి హాజరు పట్టీలో పేర్లు చూస్తే సొలా, రోఉన్, హాఒన్, ఇఆన్. ఏది ఆడో ఏది మగో నాకు ఈనాటికీ తెలియదు. అన్నీ పాలలో నానబెట్టినట్టు మెత్తగా ఉంటాయి. వాటి మధ్య నా పేరు అన్నంలో రాయిలా ఉంది.

పేరు మార్చుకోమని హన్సొల్ అంటోంది. కోర్టుకు ఒక కాగితం పెట్టుకుంటే చాలట. నువ్వేమంటావు? నాకు నీ మాట కావాలి.

నీ చెల్లెలు
సిసిలియా


కొచాంగ్ కొండ, మఠం
నవంబరు 6

చెల్లెమ్మకు,

ముల్లంగి ఆకులు చేరాయి. సిస్టర్లందరూ సంతోషించారు. ఇక్కడ చలికాలపు ఊరగాయకు ఆకుకోబీలు కోస్తున్నాం. ఈ ఏడు మూడు వందల కోబీలకు ఉప్పు పట్టించాలి. నా మోకాలు ఒప్పుకోవడం లేదు కానీ దాన్ని ఎవరడిగారు.

పేరు విషయం చదివాను. ప్రభువు మనల్ని ఏ పేరుతో పిలిచినా ఆయన గొంతు మనకు తెలుస్తుంది. యాభై ఏళ్లు మోసినదాన్ని ఇప్పుడు దించడం అవసరమా? పిల్లలు నాలుగు రోజులు నవ్వుతారు, ఐదో రోజు మరిచిపోతారు. వినయం నేర్పే పేరు దొరకడం కూడా ఒక వరమే. ఇంకా లోతుగా ఆలోచించకు.

కోబీల పని అయ్యాక మళ్ళీ రాస్తాను.

అగాత


కిమ్‌చొన్
నవంబరు 25

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి, ఈసారి ఒక్కటే రాశావు. అందులో సగం కోబీలే. పైగా వినయం గురించి రాశావు. నీకు వినయం గురించి రాసే అలవాటు లేదు.

క్రిస్మస్ ముందరి ఆగమన కాలం మొదలైతే నీకు ఉత్తరాలు చేరవు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. హన్సొల్ ఆదివారం దేగు నుంచి వచ్చి దరఖాస్తు ముందేసుకుని కూర్చుంది. వాళ్ళ ఆఫీసులో ఎవరూ సొంత పేర్లతో పిలుచుకోరట. అందరూ ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నారు. యాభై ఎనిమిదేళ్ల మేనేజరును లియో అంటారట. "లియో, సంతకం పెట్టు" అంటే పెడతాడట. ఆ పిల్లకు పేరంటే చలికోటు, బిగుతైతే మార్చేయడమే. దానికి హన్సొల్ అని పచ్చి కొరియా పేరు పెట్టినప్పుడు, పెద్ద దేవదారు అంటే ఆడపిల్ల పేరేనా అని మామగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అంత పోరాడి పెట్టిన పేరు, ఆఫీసులో దాన్ని జూన్ అంటారు. నా పోరాటం నీళ్లలో పోసినట్టయింది.

"అమ్మా, ఈ పేరు వల్ల పడ్డ ఇబ్బందులు చెప్పు. రాస్తాను," అంది.

చెప్పాను. మాధ్యమిక పాఠశాలలో మొదటిరోజు నన్ను మగపిల్లల పట్టీలో వేశారు. పెళ్లిచూపులకు వచ్చిన మీ మరిది, మధ్యవర్తి ఎవరో మగమనిషి పేరు రాసి తనను ఆటపట్టించాడని అనుకున్నాడట. ఇంకా రెండేళ్లప్పటి సంగతి, అమ్మ చెబితే తెలిసింది. తమ్ముడు తేసొప్ పుట్టాడు. పేరు పనిచేసింది. ఆ వారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి గర్భిణులు వచ్చి నా పాత బట్టలు అడిగి తీసుకెళ్లారట. రెండేళ్లకే నేను ఒక పుణ్యక్షేత్రం. తర్వాత అంత గౌరవం ఎన్నడూ దక్కలేదు.

హన్సొల్ నవ్వుతూ రాసింది, మధ్యలో ఆపి కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు ఉన్నాను.

అన్నీ నిండాయి. కొత్త పేరు రాయాల్సిన గడి ఒక్కటే ఖాళీగా ఉంది. హన్సొల్ ఫోనులో ఇరవై పేర్లు చూపించింది. ఒక్కటీ నాకు అతకలేదు, పిల్లల చెప్పుల్లో కాలు పెట్టినట్టు ఉంది. మా గుడిలో ఒకామె పేర్లు పెట్టే జ్యోతిష్కుడి చిరునామా ఇచ్చింది. అక్కడిదాకా వెళ్లాను. గుమ్మంలో జపమాల చేతికి తగిలింది, వెనక్కి వచ్చాను. ఆ ఆలోచనకే పాపసంకీర్తనం చేసుకున్నాను. ఫాదర్‌గారు నవ్వారని జాలీలోంచి తెలిసింది.

పెద్దదానివి నువ్వు ఒప్పుకోకుండా ఆ కాగితం పెట్టను. మార్చుకోవాలనే నాకుంది. సరేనంటావా, లేదా?

సిసిలియా


కిమ్‌చొన్
ఫిబ్రవరి 3

అక్కా,

క్రిస్మస్ తర్వాత నీ నుంచి కార్డు మాత్రమే వచ్చింది. అందులో పేరు మాట లేదు. సరే, కొత్త సంవత్సరం పండక్కి సంజు ఊరికి వెళ్లిన సంగతులు రాస్తాను.

తేసొప్ వాళ్ళింట్లో బియ్యప్పిండి బిళ్ళల సూప్ తిన్నాక హన్సొల్ ఊరికే ఉండలేక విషయం చెప్పేసింది. తేసొప్ చెంచా కింద పెట్టాడు.

"అక్కా, నీ పేరు తీసేస్తే నా సంగతేంటి?"

"నీ సంగతేముంది? నువ్వు పుట్టేశావుగా."

"అది కాదు. నీ పేరు వల్లే నేను వచ్చానని ఊరంతా చెబుతారు. ఇప్పుడు కోర్టులో అది తప్పు పేరని రాయించావనుకో, నేను తప్పుగా పుట్టినట్టు కాదా? మన వంశంలో పేరుకో పద్ధతి ఉంది. నా తరం మగవాళ్ళందరి పేర్లలో సొప్ ఉంటుంది. తాతలు వంశవృక్షంలో రాసిపెట్టి వెళ్లారు."

హన్సొల్ చాలా మెల్లగా అడిగింది. "మామయ్యా, మరి మీ అబ్బాయికి ఆ తరం అక్షరం పెట్టారా?"

వాడి పేరు హాన్‌గ్యొల్. వంశవృక్షంలో ఏ కొమ్మకూ ఆ పేరు తగలదు.

"అది వాళ్ళమ్మ పెట్టింది," అన్నాడు తేసొప్. వంటింట్లోంచి మరదలు, "ఆ రోజు నువ్వు గట్టిగా చప్పట్లు కొట్టావు," అంది.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను కానీ, అక్కా, నలభై ఎనిమిదేళ్ల మనిషి, గడ్డం నెరిసినవాడు, నా పేరు పోతే తను పడిపోతానని భయపడుతున్నాడు. ఇంటికి దూలాన్నని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కొంచెం నిటారుగా నడిచేదాన్ని.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. పెసర అట్టు ముక్కను చిన్న చిన్న తునకలు చేస్తూ కూర్చుంది. చెవులు సరిగా వినిపించలేదేమో అనుకున్నాను.

నువ్వూ ఏమీ అనడం లేదు. నీ చెవులు బాగానే ఉన్నాయి కదా?

సిసిలియా


కొచాంగ్ కొండ, మఠం
మార్చి 4

ఫిల్‌నమ్,

ఆ పేరుతో నీకు రాయడం ఇదే మొదటిసారి.

రేపు విభూది బుధవారం. నలభై రోజులు మాకు ఉత్తరాలు రావు, మేము రాయము. ఇవాళ ఇది పోస్టు చేస్తున్నానంటే నాకు ధైర్యం వచ్చిందనుకోకు. నువ్వు తిరిగి తిట్టలేని రోజు చూసి వేస్తున్నాను. ముప్పై ఏడేళ్లు ప్రార్థనలో గడిపిన మనిషి నేర్చుకున్న యుక్తి ఇది.

నీ పేరు తాతయ్య పెట్టలేదు. అమ్మ పెట్టలేదు. నేను పెట్టాను.

నాకు తొమ్మిదేళ్లు. నువ్వు పుట్టి రెండు వారాలైంది. తాతయ్య నీ పుట్టుక రాయించడానికి మండలాఫీసుకు బయల్దేరుతున్నాడు. అమ్మ గదిలోంచి నన్ను పిలిచి ఒక మడిచిన కాగితం ఇచ్చింది. గుడి ఉపదేశిగారితో చైనా అక్షరాల్లో ఒక పేరు రాయించుకుందట. "బస్సు రాకముందే తాతయ్యకివ్వు. పిల్లకు ఈ పేరు రాయించమను," అంది.

దానికి ముందురోజు బావి దగ్గర నానమ్మ పెద్దత్తతో చెప్పిన మాట నేను విన్నాను. "ఈసారీ ఆడదే. ఇంకోసారి చూస్తాను. అప్పుడూ కాకపోతే దీన్ని పుట్టింటికి పంపి వేరేదాన్ని తెస్తాం." పక్కింటావిడ పుట్టింటి వైపు ఒక పిల్లకు ఫిల్‌నమ్ అని పెడితే ఏడాదిలో తమ్ముడు పుట్టాడని కూడా అక్కడే విన్నాను.

కాగితం పొయ్యిలో వేశాను. తాతయ్య దగ్గరికి పరిగెత్తి, "అమ్మ ఫిల్‌నమ్ అని రాయించమంది," అన్నాను. తాతయ్య నా తల నిమిరి, "మీ అమ్మకు బుద్ధొచ్చింది," అన్నాడు. జేబులోంచి నువ్వుల మిఠాయి తీసి ఇచ్చాడు. తిన్నాను. బాగుంది.

కాగితంలో ఏముందో నాకు తెలియదు. ఆ అక్షరాలు నాకు రావు.

రెండేళ్లకు తేసొప్ పుట్టాడు. ఇల్లంతా పండగ. నేను మాత్రం కొట్టంలో దాక్కున్నాను, నా నోటి మాటకు అంత బలముందని భయం వేసి. ఆ పాపం కోసమే మఠంలో చేరానని నువ్వు కథ అల్లుతావు, నాకు తెలుసు. కాదు. ఇక్కడ నాకు బాగుంటుందని వచ్చాను. వచ్చి, నా పేరు వదిలి, అగాత అనే అందమైన పేరు తీసుకున్నాను. నీది నీ దగ్గరే ఉండిపోయింది. ఒక్బున్ అని అసలు పేరు నాకు బాగానే ఉండేది, తొలి పిల్లను కదా, పచ్చల పొడి అని ముద్దుగా పెట్టారు. నేను అదీ మార్చుకున్నాను. నీకు మాత్రం వినయం గురించి రాశాను.

నువ్వు మార్చుకో. ఒప్పుకోవడానికి నేనెవరిని.

ఒక్బున్


కిమ్‌చొన్
ఏప్రిల్ 21, ఈస్టరు మరునాడు

అక్కా,

ప్రభువు లేచాడు. నేను కూడా మెల్లగా లేచాను.

పదకొండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాకు కోపం సరిగా రాదు కదా, ఎలా పెట్టుకోవాలో తెలియక సూప్‌లో రెండుసార్లు ఉప్పు వేశాను. బాలబడిలో డెబ్బై మంది పిల్లలు అన్నం ముట్టలేదు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి, "ఫిల్‌నమ్ గారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఆ పేరు వినగానే గిన్నె వదిలేశాను. సూప్ ఏప్రాన్ మీద, గిన్నె నేల మీద పడ్డాయి. ఎంత మౌనంగా ఉన్నా ఏదో ఒకటి చప్పుడు చేస్తుంది.

జపమాల పట్టుకుంటే నీ మిఠాయి గుర్తొచ్చేది. బాగుంది అని ఎందుకు రాశావు? చేదుగా ఉందని రాస్తే నీకు పోయేదేముంది?

పన్నెండో రోజు సంజు వెళ్లాను. తేసొప్ పనికి వెళ్లలేదు, ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలిచాను. ఎలా అడగాలో తెలియక నేరుగా అడిగాను.

"అమ్మా, నేను పుట్టినప్పుడు ఉపదేశిగారితో ఒక పేరు రాయించావా?"

"రాయించాను."

"అది తాతయ్యకు చేరలేదు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. మీ తాత వచ్చి, నువ్వే కబురు పంపావుగా అన్నాడు. ఒక్బున్ వంక చూశాను. నిప్పులేని పొయ్యిని ఊదుతోంది."

"మరి నువ్వేమీ అనలేదా?"

అమ్మ ఒలిచిన పాయ పక్కన పెట్టింది. "మర్నాడు మళ్ళీ కబురు పంపొచ్చు. పంపలేదు. పనిచేస్తే చేయనీ అనుకున్నాను. పేరుదేముంది, నన్ను ఇంట్లో ఉంచుతుందేమో అనుకున్నాను."

"మరి నేను?"

"నువ్వేంటి?"

అమ్మ చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"నువ్వు పుట్టాక మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నా. నాలుగో రోజు నువ్వు తుమ్మావు. తిరిగి చూశా. ఇంత లేవు, పెద్దమనిషిలా తుమ్మావు. ఇదెవరో వచ్చిందే అనిపించింది. ఆ మధ్యాహ్నమే ఉపదేశిగారిని పిలిపించా."

"ఆ కాగితంలో ఏం పేరు రాశాడమ్మా?"

"నాకు చదువొచ్చా? మంచి పేరన్నాడు. చదివి వినిపించాడు కూడా. మరిచిపోయా. ఏళ్ల తరబడి వెతుక్కున్నా, దొరకలేదు."

తర్వాత మళ్ళీ వెల్లుల్లి అందుకుని అంది. "మార్చుకోవే. అది చేయాల్సిన పని ఎప్పుడో చేసేసింది. ఇక దానికి సెలవియ్యి."

గుమ్మం దగ్గర తేసొప్ నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. "అయితే నేను పుట్టింది అక్క పేరు వల్ల కూడా కాదు, పెద్దక్క అబద్ధం వల్లన్నమాట," అన్నాడు. మళ్ళీ, "దరఖాస్తుకు సాక్షి సంతకం ఏమైనా కావాలా?" అని అడిగాడు. అవసరం లేదని చెప్పినా పెన్ను జేబులోనే ఉంచుకున్నాడు.

అక్కా, నీ మీద కోపం పూర్తిగా పోలేదు. కొంచెం మిగిలింది, దాన్ని ఏం చేయాలో ఆలోచించాను. దరఖాస్తు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో నువ్వే రాయి. ఈసారి బుద్ధిగా రాయి, ఎవరూ మిఠాయి ఇవ్వరు.

నీ చెల్లెలు


కొచాంగ్ కొండ, మఠం
మే 9

చెల్లెమ్మా,

మదర్‌గారి అనుమతి తీసుకున్నాను. విషయం అంతా చెప్పాను. ఆమె, "ఇక్కడ చేరినప్పుడు మీ పేరు ఎంచుకోవడానికి ఎంత సమయం పట్టింది?" అని అడిగింది. ఒక మధ్యాహ్నం అన్నాను. "దీనికి ఎక్కువ తీసుకోండి," అంది. రెండు వారాలు తీసుకున్నాను.

మొదట పునీతుల పేర్లు చూశాను. తర్వాత బాగా అర్థమొచ్చే పేర్లు రాసుకున్నాను. కృప, వివేకం, సౌందర్యం, ధైర్యం. ఒక్కొక్కటీ రాసి కొట్టేశాను. ప్రతిదానిలోనూ ఒక కోరిక ఉంది. వివేకం అని పెడితే నువ్వు వివేకంగా ఉండాలి. కృప అని పెడితే అందరికీ పంచాలి. నీ మీద ఒక కోరిక రాసింది చాలు అనిపించింది. తోటలో ఉల్లి నాట్లకు కలుపు తీస్తూ ఇవే ఆలోచనలు. నాలుగు వరుసల ఉల్లిమొక్కలు కూడా పీకేశాను. సిస్టర్లు నా కోసం ప్రార్థిస్తున్నారు.

నువ్వు బార్లీ కోతలప్పుడు పుట్టావు. గదిలో పొట్టు వాసన. తలుపులు తీసే ఉన్నాయి. అంతే, ఆ రోజున నాకు గుర్తున్నదంతా అదే. అందుకని యొరుమ్ అని రాశాను. ఎండాకాలం. దాన్ని ఎవరూ రమ్మనరు, వద్దనరు, అది వస్తుంది. నువ్వు ఏమీ చేయనవసరం లేదు.

చిన్నపిల్ల పేరులా ఉందని నవ్వుతారు. నవ్వనీ.

అక్షరాలు వంకరగా ఉన్నాయి. మూడుసార్లు వేరే కాగితం మీద రాసి చూసుకుని రాశాను, అయినా ఇంతే వచ్చింది. ఈసారి కాగితం నా చేతులతోనే పోస్టు డబ్బాలో వేయాలని ఉంది. గేటు దాటకూడదు కాబట్టి, బయటి పనులు చూసే సిస్టర్ వేసేవరకు కిటికీలోంచి చూస్తాను.

అక్క


కిమ్‌చొన్
ఆగస్టు 2

అక్కా,

కోర్టు ఒప్పుకుంది. ఒక్క పేజీ వచ్చింది. అంత చిన్న కాగితమా అని వెనక్కి తిప్పి చూశాను.

హన్సొల్ పకపకా నవ్వింది. "అమ్మా, మీ బాలబడిలో ఈ పేరు వాళ్ళు ఎంతమంది?" అంది. ముగ్గురు ఉన్నారు, అక్కా. చిన్న తరగతిలో ఇద్దరు, మధ్య తరగతిలో ఒకరు, పెద్ద యొరుమ్, చిన్న యొరుమ్, కళ్ళజోడు యొరుమ్. ఇప్పుడు వంట యొరుమ్. కొత్త బిళ్ళ చూసి సొలా అడిగింది, "నువ్వు ఇప్పుడు మగపిల్లవాడివి కాదా?" కాదన్నాను. "ఎప్పుడు మారావు?" అంది. పంతులమ్మ బయటికి వెళ్లి నవ్వింది.

తేసొప్ ఫోన్ చేశాడు. "యొరుమ్ అక్కా," అని పిలిచి, వెంటనే వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అమ్మకు చెబితే, "ఉపదేశి రాసింది అది కాదు," అంది. మరి ఏంటమ్మా అంటే, "గుర్తులేదు కానీ అది కాదు. ఇది బాగుంది," అంది.

నీ మీద మిగిలిన కోపం సంగతి కూడా రాయాలి. వెతికాను. ఎక్కడో ఉండే ఉంటుంది, కానీ నీ ఉల్లిమొక్కల గురించి చదివిన రోజు నుంచి చేతికి తగలడం లేదు.

నిన్న బ్యాంకుకు వెళ్లాను. అన్ని ఖాతాల్లోనూ పేరు మార్పించాలి. కాగితాలు ఇచ్చి కుర్చీలో కూర్చున్నాను. గది నిండా జనం. కౌంటరులో అమ్మాయి, "మిన్ యొరుమ్ గారూ," అని పిలిచింది. ఎవరూ లేవలేదు. "మిన్ యొరుమ్ గారూ," అని మళ్ళీ పిలిచింది. నేను తల తిప్పి అటూ ఇటూ చూశాను. పాపం ఎవరో చిన్నపిల్ల, వాళ్ళమ్మ తీసుకుని ఎక్కడికో వెళ్లి ఉంటుంది, వరుస తప్పిపోతుందే అని నిజంగా బాధపడ్డాను. నా పక్కనున్న ముసలాయనతో, "ఎక్కడికెళ్లారో," అని కూడా అన్నాను.

మూడోసారి పిలిచింది.

లేచాను.

యొరుమ్